గాలి మిషన్ వచ్చాక

మన తెలుగులో ఎవరైనా హాయిగా పడుకున్నారని చెప్పాలంటే "గుర్రుపెట్టి నిద్రపోయాడు" అంటాం. గుర్రు వినబడితే చాలు, మనిషి సుఖంగా ఉన్నట్టే లెక్క. డిగ్రీలో కుంభకర్ణుణ్ణి నిద్ర లేపే ఘట్టం మా మేడమ్ చెప్తుంటే క్లాసంతా నవ్వేవాళ్లం. వాల్మీకి యుద్ధకాండలో, లేపడానికి వెళ్లిన రాక్షసులు అతని ఊపిరి గాలికి నిలబడలేకపోతారు. ఇరవై రెండేళ్లు అలాంటి ఊపిరి పక్కన పడుకున్నాక నాకు ఆ ఘట్టం గుర్తొస్తే నవ్వు రావడం లేదు. శాపం సంగతి తెలుసు లెండి. అయినా అంత పడుకుని కూడా లేవలేని మనిషిని చూసి, "ఇతనికి అసలు నిద్ర పడుతోందా?" అని లంకలో ఒక్కరైనా అడిగారా అనిపిస్తుంది.

మా ఆయనకు స్లీప్ ఆప్నియా అని తేలి ఏడాది దాటింది. మాది జన్వాడ. చుట్టూ విల్లాలు లేస్తున్నా మేమింకా కౌలుకు తీసుకుని బంతి, చామంతి వేస్తాం. ఆయన తెల్లవారుజామున మూడున్నరకు టాటా ఏస్‌లో పూల మూటలు వేసుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్తారు. రాత్రి తొమ్మిదికే పడుకుంటారు. పడుకున్న రెండు నిమిషాలకు గురక మొదలు. అయినా పొద్దంతా నిద్రమొహమే. అన్నం పళ్లెం ముందు కునుకు, టీవీ ముందు కునుకు, పెళ్లిలో తలంబ్రాలు పోస్తుంటే కుర్చీలో కునుకు. లేవగానే తలనొప్పి. రెండు బీపీ గోళీలు వేసుకున్నా బీపీ దిగదు. "రెక్కల కష్టం చేసే మనిషి, అలసిపోతడు" అని అందరూ సరిపెట్టేవారు.

రాత్రి సంగతి మాత్రం నాకొక్కదానికే తెలుసు. గురక పెరిగి పెరిగి ఒక్కసారిగా ఆగిపోయేది. అప్పుడు నేను లెక్కపెట్టేదాన్ని. పది, పదిహేను, ఇరవై. ఇరవై దాటితే మోచేత్తో పొడిచేదాన్ని. నీళ్లలో మునిగి తేలినవాడిలా పెద్ద శబ్దంతో గాలి పీల్చుకుని, అటు తిరిగి మళ్లీ గురక. పొద్దున అడిగితే ఆయనకేమీ గుర్తుండేది కాదు. ఇలా ఎన్నేళ్లు గడిచాయో చెప్పలేను. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు వాళ్ల ఏడుపుకి ఎలా మెలకువ వచ్చేదో, వాళ్లు పెద్దయ్యాక ఆ నిశ్శబ్దానికి అలా మెలకువ వచ్చేది.

డాక్టర్ దగ్గరికి పోదామంటే "గురకకు కూడా డాక్టరా?" అని నవ్వేవారు. కదిలించింది బండిలో సాయంగా వెళ్లే పిల్లాడి మాట. బతుకమ్మ ముందు రోజులు, పూలకు గిరాకీ, రోజూ రెండు ట్రిప్పులు. ఆ పిల్లాడు ఖాళీ బుట్టలు దించుతూ నెమ్మదిగా అన్నాడు: "వదినా, నీకో మాట చెప్త, అన్నకు చెప్పకు. పొద్దుగాల గండిపేట దాటినంక అన్న కండ్లు మూసిండు. బండి రోడ్డు దిగి పోతుంటే నేను స్టీరింగు పట్టుకున్న." ఆయన్ని అడిగితే, "జర కన్ను అంటింది, గంతే" అన్నారు. ఆ పిల్లాడికి పందొమ్మిదేళ్లు. వాళ్లమ్మకు వాడొక్కడే. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. అలిగి కాదు, దిగలేదు.

చివరికి ఆయన్ని ఒప్పించింది బప్పి లహరి. గ్యాంగ్ లీడర్ పాటలంటే మా ఆయనకు ప్రాణం, బండిలో ఇప్పటికీ అవే. ఆ పాటలు కట్టిన మనిషి 2022 ఫిబ్రవరిలో పోయారు కదా, ఈ నిద్రలో ఊపిరి ఆగే జబ్బే కారణమని వైద్యులు చెప్పారు. మా అమ్మాయి ఆ వార్త ఫోన్‌లో తీసి చూపించింది. ఏమీ మాట్లాడలేదు. మర్నాడు "ఎన్నడు పోదాం మరి?" అన్నారు.

పట్నంలో ఒక ఆసుపత్రిలో రాత్రంతా పరీక్ష చేశారు. తల మీద, ఛాతీ మీద, వేలికి వైర్లు. అంతకుముందు డాక్టరమ్మ ప్రశ్నలన్నీ ఆయన్ని కాదు, నన్నడిగింది. ఎంతసేపు ఆగుతుంది, రాత్రికి ఎన్నిసార్లు, వెల్లకిలా పడుకుంటే ఎక్కువా అని. నేను టకటకా చెప్తుంటే ఆయన నావైపు తిరిగి చూశారు. ఇన్నేళ్లుగా తన పక్కన ఇదంతా జరుగుతోందని అప్పుడే తెలిసినట్టుంది ఆయనకు.

రిపోర్టులో గంటకు 41 సార్లు అని వచ్చింది. గంటకు అయిదు లోపు మామూలు, 30 దాటితే తీవ్రం. అన్నిటికన్నా పొడుగ్గా ఆగింది 58 సెకన్లు. రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 74 శాతానికి పడిపోయింది.

డాక్టరమ్మ చెప్పినదాన్ని ఇంటికొచ్చాక అత్తమ్మకు నా మాటల్లో చెప్పాను. పొలంలో నీళ్లు పారించే మెత్తటి చుట్ట పైపు ఉంటుంది చూడండి, మోటరు ఆగితే గోడకు గోడ అతుక్కుపోతుంది. నిద్రలో గొంతు కండరాలు వదులైనప్పుడు గాలి దారి అలాగే మూసుకుంటుంది. ఊపిరందక మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మనిషికి తెలియదు, ఒంటికి మాత్రం రాత్రంతా నిద్ర ఉండదు. ఈ మిషన్ పని మోటరు పనే. మామూలు గాలినే కాస్త ఒత్తిడితో పంపి ఆ దారి మూసుకోకుండా పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడిని సెంటీమీటర్ల నీళ్లలో కొలుస్తారట. మా ఆయనకు 11 దగ్గర కుదిరింది. చెంబులో 11 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు పోస్తే అడుగున పడేంత ఒత్తిడి. దాని కోసమా ఇంత సామాను అనిపించింది.

దీన్ని 1980లో ఆస్ట్రేలియాలో కోలిన్ సలివన్ అనే డాక్టర్ తయారుచేశారు. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ మోటరుతో చేసిన గాలి యంత్రం అది. 1981లో లాన్సెట్ పత్రికలో ఆ సంగతి రాశారు. అంతకుముందు జబ్బు ముదిరినవాళ్లకు గొంతుకు రంధ్రం పెట్టడమే దారి. ఇల్లు ఊడ్చే సామాను లోంచి వచ్చిన వైద్యం అంటే గృహిణిగా నాకెందుకో నమ్మకం కుదిరింది.

నెల రోజులు అద్దెకు తీసుకుని వాడి చూశాకే కొన్నాం. మీకెవరికైనా అవసరమైతే ఇదే మార్గం, ముందే డబ్బు పోయకండి. మాకు 42 వేలు అయింది. నా చీటీ డబ్బులవి. గాజులు చేయించుకుందామనుకున్నవి.

మొదటి రాత్రి నలభై నిమిషాలు పెట్టుకుని పీకేశారు. "ముఖం మీద దిండు వేసి ఒత్తినట్టుంది" అన్నారు. రెండో రాత్రి గంట. మూడో రాత్రి నిద్రలోనే తీసి మంచం కింద పడేశారు, ఎప్పుడు తీశారో ఆయనకే తెలియదు. మాస్కు మీసం దగ్గర సరిగ్గా అంటక, విజిల్ వచ్చే ముందు కుక్కర్‌లా బుస్సుమనేది. మీసం తీసేయమంటే తీస్తారా? మా ఊళ్లో ఆ మీసానికి ఒక పేరుంది. రెండు వైపులా కొంచెం కత్తిరించి, ముక్కు వరకే ఉండే చిన్న మాస్కుకు మారితే గొడవ తగ్గింది. కడుపులోకి గాలి పోయి పొద్దున్నే తేన్పులు, అది రెండు వారాలు. చెంపల మీద పట్టీల గీతలు. మార్కెట్‌లో ఎవరో "ఏందన్నా ముఖం మీద గీతలు?" అంటే "హెల్మెట్" అన్నారట. "నువ్వు తోలేది టాటా ఏస్ కదనే" అని వాళ్లు ఇప్పటికీ ఏడిపిస్తారు.

పనికొచ్చిన చిట్కా ఒకటే, మిషన్ తెచ్చిన అబ్బాయి చెప్పాడు. నిద్రకు ముందు, మెలకువగా ఉండగానే అరగంట పెట్టుకుని టీవీ చూడమని. వారం పాటు మా ఆయన హాల్లో మాస్కుతో కూర్చుని క్రికెట్ చూశారు. వికెట్ పడితే ఆ తొండం కూడా ఊగేది. మా అబ్బాయి వినాయకుడని దండం పెట్టేవాడు.

అత్తమ్మ మాత్రం నవ్వలేదు. కొడుకు ముఖానికి మాస్కు చూసిన రోజు గోడకు ఆనుకుని ఏడ్చింది. 2021లో కరోనా రెండోసారి వచ్చినప్పుడు వాళ్ల తమ్ముడు ఆసుపత్రిలో ఇలాంటి మాస్కుతోనే పోయాడు. ఫోన్‌లో చూసిన ఆఖరి చూపు అదే. "నా కొడుక్కు ఆక్సిజన్ పెట్టిండ్రా బిడ్డా? నాకు చెప్తలేరా?" అని పట్టుకుంది. ఇది ఆక్సిజన్ కాదు, సిలిండర్ లేదు, మన గదిలో గాలే అని ఎన్నిసార్లు చెప్పినా మనసు ఒప్పలేదు. ఆ గొట్టం చివర తన అరచేతిలో పెట్టి గాలి తగిలించాను. చల్లగా వచ్చింది. కాసేపు అలాగే పట్టుకుని, "కరెంటు పోతే పానం పోదా?" అంది. మిషన్ అబ్బాయికి ఫోన్ చేసి మళ్లీ రప్పించాను. అతను తనే మాస్కు పెట్టుకుని స్విచ్ ఆపి చూపించాడు. మాస్కుకు సన్నటి రంధ్రాలుంటాయి, మిషన్ ఆగినా ఊపిరాడుతుంది. అత్తమ్మ అతనికి చాయ్ ఇచ్చింది.

మా దగ్గర ఈదురుగాలి వస్తే కరెంటు ఉండదు కాబట్టి ఇన్వర్టర్‌కు కలిపాం. గాలిని తడిపే నీళ్ల డబ్బా వేడెక్కడానికే ఎక్కువ కరెంటు తింటుంది, దాన్ని ఆపితే బ్యాటరీ చాలాసేపు ఆగుతుంది. ఆ డబ్బాలో బోరు నీళ్లు పోయకూడదు, తెల్లగా సున్నం కడుతుంది. మా ఆయన మెకానిక్ షాపు నుంచి బ్యాటరీ నీళ్లు తెచ్చారు, ఆ ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వద్దన్నారు. మందుల షాపులో డిస్టిల్డ్ వాటర్ కొంటున్నాం. మాస్కు రోజూ పొద్దున సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెడతాను, పాల గిన్నెల తర్వాత దాని వంతు. కల్లు, మందు కూడా బంద్ చేయమన్నారు, గొంతు మరింత వదులవుతుందని. ఇది చాలా వరకు నడుస్తోంది. దావత్‌లున్న నెలలో మాత్రం నన్నడగకండి.

ఇరవయ్యో రోజు అనుకుంటా, రాత్రి తొమ్మిది నుంచి మూడింటి దాకా ఒక్కసారి కూడా తీయకుండా పడుకున్నారు. గురక లేదు. గదిలో సన్నగా గాలి శబ్దం, అంతే. ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు. ఇంత నిశ్శబ్దం నాకు ఎప్పుడూ చెడు కబురే. పొట్ట మీద చెయ్యి వేసి చూశాను, లేస్తోంది, దిగుతోంది. మళ్లీ అరగంటకు చూశాను. ఆయనకు మిషన్ అలవాటు కావడానికి నెల పట్టింది. నాకు మూడు నెలలు పట్టింది. ఒంటిగంటకు కళ్లు వాటంతటవే తెరుచుకునేవి, లెక్క మొదలయ్యేది, లెక్కపెట్టడానికి ఏమీ ఉండేది కాదు. డాక్టరమ్మతో అంటే, చాలామంది భార్యలు ఇదే చెప్తారంది. మందేమీ రాయలేదు.

ఇంకొకటి పోయింది మాకు. దీపం ఆర్పాక చీకట్లో మాట్లాడుకునే అలవాటు ఉండేది. అమ్మాయి ఫీజు, కౌలు డబ్బులు, ఎవరి ఇంటికి పెళ్లికి పోవాలి, అన్నీ అప్పుడే. మాస్కు పెట్టుకుంటే మాట రాదు. నోరు తెరిస్తే గాలంతా బయటికే. మొదట్లో నేను ఏదో అడగడం, ఆయన మాస్కు ఎత్తి జవాబు చెప్పడం, గాలి బుస్సుమనడం, ఇద్దరికీ విసుగు. ఇప్పుడు ఎనిమిదింటికల్లా గిన్నెలు సర్ది బయట అరుగు మీద కూర్చుంటున్నాం. దోమలు కుడతాయి. చీకట్లో తేలిగ్గా చెప్పే మాటలు కొన్ని వీధి దీపం వెలుగులో చెప్పలేం, అది మాత్రం నిజం.

ఆయన ఇప్పుడు పగలు కునకరు. బీపీ గోళీ ఒకటి తగ్గించారు. రాత్రి లెక్కలు మిషన్ దాచిపెడుతుంది. పొద్దున్నే మా అమ్మాయి ఫోన్‌లో చూసి "డాడీ, నిన్న మూడే" అంటుంది. 41 నుంచి మూడు. సాయానికి ఆ పిల్లాడే వస్తున్నాడు. ఇప్పుడు వాడు దారంతా పడుకుంటున్నాడని మా ఆయన కంప్లైంటు.

మొన్న దసరాకు మా బావగారు ఒక్కరే వచ్చి హాల్లో పడుకున్నారు. అర్ధరాత్రి ఎవరో నా భుజం తట్టారు. అత్తమ్మ. నన్ను పక్కకు పిలిచి గుసగుసగా అంది: "పెద్దోడు ఆగిపోతుండు బిడ్డా. నేను లెక్కవెట్టిన. పదిహేను దాక వచ్చింది."

పొద్దున్నే మా తోటికోడలికి ఫోన్ చేశాను. "అవునే, నాకు ఎప్పటినుంచో తెలుసు" అంది. వచ్చే మంగళవారం డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్తున్నాం.