పనిబల్ల నేర్పిన పాఠం

పదవీ విరమణ తరువాత, వడ్రంగం నేర్చుకోవాలన్న చిన్ననాటి కోరిక మళ్ళీ చిగురించింది. ముందుగా పెరటి వసారాలో వేపకర్రతో ఒక పనిబల్ల చేసుకోదలచాను. 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. నాలుగు రోజులు నేల మీద కూర్చుని, ముందుకు వంగి చెక్కలకు చిత్రిక పట్టాను. ఐదవనాడు నడుము పట్టేసి మంచం దిగలేకపోయాను.

అప్పుడు ఒక వడ్రంగి గుర్తుకు వచ్చాడు. నా ఉద్యోగకాలంలో నడుము నొప్పితో పలుమార్లు వచ్చేవాడు. ప్రతిసారీ మాత్రలు రాసి పంపాను. "పని ఎలా కూర్చుని చేస్తావు?" అని ఒక్కసారైనా అడగలేదు. రోగిని వృత్తి ఏమిటని తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే రాశాడు. అది తెలిసి కూడా పాటించలేదు.

కోలుకున్నాక బల్లకు కాళ్ళు ఎత్తు చూసి కోశాను. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే మణికట్టు ఉండే ఎత్తు చిత్రిక పనికి అనువైనది. నాకది 33 అంగుళాలు.

మరొక జాగ్రత్త. కొయ్యపొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించింది. ముఖ్యంగా ముక్కు లోపలి భాగాలకు ముప్పు. ముఖానికి చుట్టుకున్న తువ్వాలు చాలదు, ఎన్95 మాస్కు ధరించాలి. పొడిని చీపురుతో ఊడ్చక తడిగుడ్డతో తుడవాలి. ఒకవైపు ముక్కు నుండి తరచుగా రక్తం వస్తుంటే వైద్యునికి చూపించుకోవాలి.

మీ ఇంటికి వడ్రంగి పనికి వస్తే ఎత్తైన బల్ల, ఒక మాస్కు సమకూర్చండి. ఆనాడు ఆయనకు నేను రాయవలసిన మందు అదే.