కొల్లేటి లోతు గెడకే తెలుసు!

కొల్లేరు చూడబోయినవాళ్ల కళ్లు మొదట ఆటపాక గూడబాతుల మీదే పడతాయి. రేవులోని తాటి దోనె ఆ తర్వాతే కనిపిస్తుంది. తాటిమానును తొలిచి చేసే ఈ దోనె ఇద్దరెక్కితే నిండిపోయేంత ఇరుకు. అసలు సంగతంతా దాని పక్కనున్న కర్రలో ఉంది!

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న ఈ మంచినీటి సరస్సు విశాలమే కానీ లోతు తక్కువ. అందుకే ఇక్కడ తెడ్డుకన్నా గెడదే పెత్తనం. నీటి లోతు, అడుగు బురద, నిలబడ్డ మనిషి ఎత్తు... మూడూ లెక్కేసుకునే వెదురును ఎంచుకోవాలి. పొట్టిదైతే నేల అందదు. మరీ పొడవైతే దోనె ఒరుగుతుంది. కణుపులు నున్నగా చెక్కకపోతే అరచేతులు బొబ్బలెక్కుతాయి. పగులున్న వెదురు నడినీట్లో విరిగిందంటే అంతే సంగతులు!

గెడ బురదలో కూరుకుపోతే? కొత్తవాళ్లు దాన్నే పట్టుకు వేలాడతారు. దోనె ముందుకు పోతుంది, మనిషి నీళ్లలో మిగులుతాడు! చెయ్యి వదిలెయ్యడమే మేలు. వెనక్కొచ్చి దాన్ని తెచ్చుకోవడానికి దోనెలో చిన్న తెడ్డొకటి ఉండాలి. వానలకు బుడమేరు, తమ్మిలేరు పొంగి సరస్సు నిండినప్పుడూ, నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు లాగుడులోనూ ఆ తెడ్డే దిక్కు. ఇక రేవు చేరాక కొక్కెం బిగించిన కర్ర ఉంటే, గట్టును చేత్తో అందుకోబోయి బోర్లాపడే పనుండదు. కొక్కెం మొన మొద్దుగా ఉంటే మనిషికీ దోనెకూ గాయం కాదు.

1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో చేపల చెరువుల గట్ల తొలగింపు... కొల్లేరు ఎన్నో చూసింది. దోనె కదలాలంటే మాత్రం నేటికీ సరైన కర్రే కావాలి.