మామ్మ వేరు చూస్తుంది



మాది సీతంపేట మండలంలో కొండ మీద ఊరు. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. మేము జాతాపులం. వానాకాలంలో మా ఇళ్ళల్లో పుట్టకొక్కుల కూర అంటే మాంసం కూర కిందే లెక్క.

నాలుగు రోజులు వాన పడి, తర్వాత ఉక్కపోసిందంటే మా మామ్మ తెల్లారకుండానే లేస్తుంది. ఏ పుట్ట దగ్గర ఏటేటా లేస్తాయో ఆమెకి తెలుసు. ఆ జాగాలు మా అమ్మకి కూడా చెప్పదు! పోయిన శ్రావణంలో నాకు జ్వరమొచ్చి పది రోజులు ఇంటి దగ్గర ఉన్నాను. తగ్గాక నన్ను తీసుకెళ్ళింది.

మామ్మ రంగు చూసి తియ్యదు. కర్రతో చుట్టూ మట్టి వదులు చేసి, మెల్లగా లాగి, అడుగు చూస్తుంది. మా పుట్టకొక్కుకి గొడుగు నడిమిన మొన ఉంటుంది. కాడ కింద వేరు జానెడు, ఒక్కోసారి మూరెడు, పుట్టలోకి దిగి ఉంటుంది. కాడ అడుగున గుడ్డు పెంకులాంటి సంచి ఉన్నది ఒకటి దొరికితే పారేసి, నా చేతులు గెడ్డలో కడిగించింది. సంచి లేనంత మాత్రాన మంచిదని కాదంట. వేరు తెగి అడుగు కనపడకపోతే ఎంత పెద్దదైనా ముట్టదు. అలా రెండు పెద్దవి వదిలేసింది, నాకు ప్రాణం ఉసూరుమంది. మిగిలినవి అడ్డాకుల్లో చుట్టుకొని వచ్చాం. పుట్టని మాత్రం తవ్వనివ్వదు, తవ్వితే మళ్ళీ ఏడు రావంట.

తర్వాత లైబ్రరీ పుస్తకంలో చదివాను. అది వేరు కాదంట, పుట్టకొక్కు అసలు మొక్కే కాదంట. చెదపురుగులు పుట్ట లోపల ఆకులు, పుల్లలు నమిలి పెట్టి, వాటి మీద బూజుని పెంచుకొని తింటాయి. ఆ బూజే వానకి గొడుగై పైకి వస్తుంది. అందుకే బటన్ పుట్టగొడుగుల్లాగ వీటిని షెడ్డులో పండించలేకపోతున్నారు. ఇది మామ్మకి చెబితే "సెద కూడా యవసాయం సేత్తాదేటే!" అని ఒకటే నవ్వు.

మన గదిలో ఒక అక్క, కూరలో వెండి బిళ్ళ వేస్తే నల్లబడినదే విషం అంది. ఇంకొకరు పశువు తిన్నది మనమూ తినొచ్చు అన్నారు. రెండూ తప్పే. సంచి ఉన్న రకాల్లో కొన్నింటి విషం ఉడికించినా, ఎండబెట్టినా పోదు. తిన్న ఆరు గంటలకో, పన్నెండు గంటలకో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానో వాంతులు మొదలవుతాయి. మధ్యలో తగ్గినట్టే ఉండి కాలేయం పాడవుతుంది. కొళాయి వెనక గడ్డిలో లేచే తెల్ల గొడుగులు చిన్న పిల్లలు కోసి సాంబారులో వెయ్యమంటున్నారు. అవి పుట్ట మీదవి కావు. ఎవరైనా తింటే వెంటనే వార్డెన్ మేడమ్ గారికి చెప్పండి, మిగిలిన ముక్క కూడా ఆస్పత్రికి పట్టుకెళ్ళాలి.

మా మావ కూతురు, నాకు వదిన వరస, అయిదులో బడి మానేసింది. తనకి పన్నెండు రకాల కొక్కులు తెలుసు. నాకు మూడే. కొక్కులు లేచే నెలల్లో మనం ఇక్కడ ఉంటాం, దసరా సెలవులకి ఎల్లేసరికి చాలామట్టుకు అయిపోతాయి. మిగతావి చెప్పు మామ్మా అంటే, "సూపించకుండా సెప్తే నీకేటి తెలుస్తాదే గుంటా" అంటుంది. అయినా అడిగి అడిగి రఫ్ నోటు చివర పేజీల్లో రాస్తున్నాను, ఏడు అయ్యాయి. సవర అక్కలు మీ భాషలో పేర్లు చెప్తే పక్కన రాస్తాను.

కింద బొమ్మ వేశాను. కాగితం చాలక వేరు సగమే వచ్చింది.

— 9వ తరగతి విద్యార్థిని