ఒక్క చుక్కలో రెండు వంశాలు

జూలై 6, పాడేరు దగ్గర ఒక గూడెం

వాన వెలిసింది గానీ చెట్ల నుంచి నీళ్లు రాలుతూనే ఉన్నాయి. "పిన్నీ, చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంటూ ఆశా కార్యకర్త ఆవిడ వేలికి సూది గుచ్చింది. ఒక చుక్క మలేరియా కిట్‌లోకి, ఒక చుక్క ఫిల్టర్ పేపర్ మీదికి. ఫాల్సిపారం రకం మలేరియా గీత తేలింది. మొదటి మోతాదు మా ఎదుటే మింగించారు. కాగితం మీది చుక్క ఆరి కాఫీ రంగుకు తిరిగింది. మాకు కావలసింది ఆ మరకే.

జూలై 19, ల్యాబ్

జెల్ మీద ఆ చుక్క వరసలో రెండు గీతలు! మలేరియా పరాన్నజీవి ఎంఎస్‌పీ2 జన్యువుకున్న రెండు పెద్ద కుటుంబాలు, ఎఫ్‌సీ27, 3డీ7, రెండూ ఆవిడ రక్తంలో ఉన్నాయి. మనిషి ఒంట్లో ఈ పరాన్నజీవికి ప్రతి జన్యువూ ఒక్క ప్రతే. అందువల్ల ఒకే జన్యువు రెండు రూపాల్లో కనబడితే కనీసం రెండు వంశాలు ఉన్నట్టే. రెండు దోమలు విడివిడిగా తెచ్చాయో, ఒక్కటే కలిపి తెచ్చిందో ఈ గీతలు చెప్పవు.

జూలై 20

మన రక్తంలో ఉన్నంతకాలం ఈ పరాన్నజీవి తన నకళ్లు తీసుకుంటూ పోతుంది. ఆడా మగా కలిసేది దోమ కడుపులోనే. దోమ తాగిన నెత్తుట్లో ఒకే వంశం ఉంటే పుట్టేదీ అదే. రెండుంటే 14 క్రోమోజోముల్లో ముక్కలు అటూ ఇటూ మారి కొత్త వంశాలు లేస్తాయి. జబ్బు ముమ్మరంగా ఉన్న చోట ఈ కలయికలు ఎక్కువ, తగ్గిన చోట తక్కువ. అందుకే కేసుల లెక్కతోపాటు వంశాల లెక్కా తీయాలన్నది నా పట్టు. కేసులు పడిపోయినా వైవిధ్యం అలాగే ఉంటే, మన లెక్కకి చిక్కని జ్వరాలు ఉన్నాయనో, బయటి నుంచి వచ్చి పడుతున్నాయనో అనుమానించాలి.

ఆగస్టు 20

1897లో ఇదే రోజున సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో ఈ పరాన్నజీవిని చూశాడు. ఆయన చూసిన గుండ్రటి కణాలు ఆ కలయిక తర్వాతి దశే.

ఆగస్టు 28

పీఎఫ్‌సీఆర్‌టీ జన్యువు చదివాం. 76వ స్థానంలో లైసిన్ పోయి థ్రియోనిన్ వచ్చింది, అంటే క్లోరోక్విన్ మందుకి లొంగదు. మన దేశంలో ఈ మొండితనం మొదట బయటపడింది 1973లో, అస్సాంలో. 72 నుంచి 76 దాకా ఉన్న అయిదు అమైనో ఆమ్లాలను బట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలుస్తాయి. ఆగ్నేయాసియాలో పుట్టి ఆఫ్రికా దాకా పాకింది సీవీఐఈటీ. మన దేశంలో ఎక్కువగా దొరికేది ఎస్‌వీఎంఎన్‌టీ, పాపువా న్యూగినీలోనూ అదే. ఫాల్సిపారానికి క్లోరోక్విన్ ఇవ్వడం 2010 నాటికే మానేశాం. మరి ఈ మార్పు ఎందుకు పోలేదు? వైవాక్స్ రకం మలేరియాకి ఇప్పటికీ ఆ మాత్రే ఇస్తున్నాం. రెండు జబ్బులూ ఒకే ఊళ్లో ఉన్నచోట ఆ మందు ఒత్తిడి ఫాల్సిపారం మీదా పడుతూనే ఉంటుంది.

సెప్టెంబరు 5

ఫాల్సిపారం కోసం కిట్ పట్టేది హెచ్ఆర్‌పీ2 అనే ప్రోటీన్‌ని. ఆ జన్యువే లేని పరాన్నజీవుల్ని పెరూ అమెజాన్ ప్రాంతంలో గుర్తించినట్టు 2010లో వెల్లడైంది. ఎరిట్రియాలో అవి ఎంత పెరిగాయంటే ఏకంగా కిట్లే మార్చుకోవలసి వచ్చింది. గీత రాకపోతే మందు అందదు, మందు అందని వంశమే తర్వాతి దోమకు దొరుకుతుంది. నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. కిట్‌లో గీత లేకుండా జ్వరం మాత్రం తగ్గనివాళ్ల చుక్కలన్నీ పీసీఆర్‌కి పెట్టమని అడిగాను. స్లైడ్లు కూడా సోమవారం పంపుతామన్నారు.