మన్సూరియా గోడకు ఈవల

ఫుట్‌బాల్ గురించి ఒక డాక్టరు వ్రాయడమేమిటని సభ్యులు ముక్కున వేలు వేసుకోవచ్చు. బాల్కనీలో గోంగూర పెంపకం గురించో, పిల్లలకు ఒత్తులు నేర్పే తిప్పల గురించో వ్రాస్తే సంపాదకులకు సుఖం. క్రికెట్ అయినా ఎవరూ ఆక్షేపించరు. కాని సాల్మియాలో కాపురముంటూ రోజూ ఊరికి అడ్డంగా కారులో పోయే మనలో చాలామందికి, మన్సూరియాలో దీపస్తంభాలు నాలుగు దిక్కులా నిలబడ్డ ఆ కట్టడం ఏమిటో తెలియదు. మా అబ్బాయికి తెలుసు. వాడికి తొమ్మిదేళ్ళు. ఇక్కడే పుట్టాడు. వాడి పోరు పడలేకనే మేమూ తెలుసుకున్నాము.

అది సబా అల్ సాలెం స్టేడియం. అల్ అరబీ క్లబ్బువారి సొంత మైదానం. పాతిక వేల మందికి అటూ ఇటూ పడతారు. 1965 నుంచి 1977 దాకా ఏలిన అమీరు పేరు దానిది. ఆకుపచ్చ చొక్కాలు అరబీవి. పసుపుపచ్చవి కాద్సియావి, వాళ్ళ మైదానం హవల్లిలో ఉంది. ఈ రెండింటికీ పోటీ పడిన రోజున దీవానియాల్లో అన్నదమ్ములు మాట్లాడుకోరని ఒక పెద్దాయన మాతో అన్నారు. ఆయన రక్తపోటు చూస్తే నమ్మబుద్ధి వేసింది.

ఈ క్లబ్బులు వెలసింది 1960 అక్టోబరులో. అప్పటికి కువైట్‌కు స్వాతంత్ర్యం రాలేదు. వచ్చింది 1961 జూన్‌లో. దినారు చలామణీలోకి వచ్చింది 1961 ఏప్రిల్‌లో. అంతకు ముందు ఇక్కడ చెల్లింది మన రూపాయే. గల్ఫ్ కోసమని ప్రత్యేకంగా మన రిజర్వు బ్యాంకు అచ్చువేసిన నోట్లు 1959 నుంచి ఇక్కడ తిరిగేవి. అంటే అరబీ క్లబ్బు పుట్టిననాడు ఎవరైనా చందా ఇచ్చి ఉంటే రూపాయల్లోనే ఇచ్చి ఉండాలి! ఇప్పుడు నెల మొదట్లో ఎక్స్చేంజి కంపెనీల ముందు నిలబడి దినారుకెన్ని రూపాయలని లెక్క చూసుకునే మనకు ఇది కొంచెం చిత్రంగానే ఉంటుంది. దేశంలో మొట్టమొదటి లీగు, 1961-62లో, గెలిచింది కూడా అరబీయే.

ఆ మైదానానికి మహర్దశ 1980 సెప్టెంబరు. పది దేశాలతో ఆసియా కప్ కువైట్‌లో జరిగింది. అప్పటి శిక్షకుడు బ్రెజిల్ నుంచి వచ్చిన పరేరా. తరువాత 1994లో తన దేశానికి ప్రపంచ కప్ తెచ్చిపెట్టింది ఆయనే. తొలి దశలో దక్షిణ కొరియా చేతిలో కువైట్ 3-0తో చిత్తుగా ఓడింది. ఇంతలో, 22వ తేదీన, ఇరాన్ ఇరాక్‌ల మధ్య యుద్ధం మొదలయింది. వారం తిరగకముందే ఇరాన్ ఆటగాళ్ళు కువైట్‌తో సెమీ ఫైనల్ ఆడవలసి వచ్చింది. సొంత ఊళ్ళ మీద బాంబులు పడుతుంటే బంతి మీద చూపు ఎలా నిలుస్తుందో మాకు ఊహకందదు. 2-1తో ఓడిపోయారు. 30వ తేదీన ఫైనల్లో మళ్ళీ ఆ కొరియాయే ఎదురు. ఈసారి లెక్క సరిగ్గా తిరగబడింది. ఫైసల్ అల్ దఖీల్ రెండు, సాద్ అల్ హౌటీ ఒకటి, 3-0. ఆసియా కప్ గెలిచిన మొదటి అరబ్బు దేశం కువైట్ అయింది. పై చెప్పిన పెద్దాయన ఆ రాత్రి మెట్ల మీద కూర్చుని చూశారట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయనకు నడుం నొప్పి ఉండదు.

1990లో ఫిబ్రవరి మార్చి నెలల్లో గల్ఫ్ కప్ కూడా కువైట్‌లోనే జరిగింది. ఇరాక్ మధ్యలో అలిగి వెళ్ళిపోయింది. ఆగస్టు 2న సైన్యంతో వచ్చింది. ఫుట్‌బాల్ సమాఖ్యను నడిపిన షేక్ ఫహద్, 1982లో స్పెయిన్‌లో గోలు చెల్లదని మైదానంలోకే దిగిన మనిషి, ఆ మొదటి రోజునే దస్మాన్ రాజభవనం దగ్గర ప్రాణాలు విడిచారు. మనవాళ్ళు లక్షా డెబ్భై వేల మంది దాకా ప్రాణాలరచేత పట్టుకుని అమ్మాన్ మీదుగా బొంబాయి చేరారు. ఈ చరిత్ర మన పిల్లలకు బడిలో చెప్పరు. మనమే చెప్పాలి.

ఇక మాకు ఈ మైదానం గురించి అందరికంటె ఎక్కువ చెప్పినవాడు ఒక్కసారైనా లోపల అడుగు పెట్టనివాడు. రాజంపేట దగ్గరి పల్లెవాడు. ఖాదిం వీసా మీద వచ్చి ఒక ఇంట్లో పంతొమ్మిదేళ్ళు డ్రైవరుగా చేశాడు. సేటునూ పిల్లలనూ మ్యాచికి దించడం, కార్ల వరసలో కూర్చోవడం, అయిపోయాక ఇంటికి తేవడం. చక్కెర వ్యాధికి మా దగ్గరికి వస్తూండేవాడు.

"లోపల గోలు పడితే అరుపు ఒక తీరుగా వస్తాది సారూ. అవతలోళ్ళు కొడితే గాలి తీసినట్టు ఉంటాది. నాకు స్కోరు ఎవురూ చెప్పబన్లే" అనేవాడు. 2021లో పంతొమ్మిదేళ్ళ తరువాత అరబీ మళ్ళీ లీగు గెలిచిందని మాకు చెప్పింది అతనే. ఏడాదంతా ఒక్క ఆటా ఓడలేదని కూడా చెప్పాడు.

కిందటి సంవత్సరం అతని కంటి వెనుక పొరలో రక్తపు చారలు కనిపించాయి. కంటి డాక్టరు దగ్గరకు పంపాము. లేజరు చేశారు. ఒక కన్ను నిలిచింది, రెండోది సగమే. రాత్రి పూట ఎదుటి కారు దీపాలు పూలగుత్తుల్లా కనిపిస్తున్నాయన్నాడు. ఆ మాట అన్నాక కాసేపు ఊరుకుని, "కాగితం మీద మాత్రం వ్రాయొద్దు సారూ. చిన్న బిడ్డ పెండ్లి ఉంది" అన్నాడు.

మేము వ్రాశాము. వెనుక సీటులో కూర్చునేవాళ్ళూ చిన్న బిడ్డలే. అతను మా వంక చూడకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సేటు మంచివాడు, బాకీ అంతా లెక్కకట్టి ఇచ్చి, టిక్కెట్టు కొన్నాడు. అందరికీ అలా జరగదు. అంతమాత్రాన మాకు ఆ రాత్రి నిద్ర పట్టిందని కాదు.

2023 నవంబరు 16న జాబర్ స్టేడియంలో భారత్, కువైట్ జట్లు తలపడ్డాయి. మన్వీర్ సింగ్ 75వ నిమిషంలో కొట్టిన గోలుతో మనం గెలిచాము. లేచి నిలబడి అరిచినవాళ్ళలో మేమూ ఉన్నాము. మా అబ్బాయి కూర్చునే ఉన్నాడు. వాడికి కువైట్ ఆటగాళ్ళందరి పేర్లూ వచ్చు. "మనవాళ్ళు ఎవరు?" అని అడిగాడు. 1962లో జకార్తాలో మన రహీం సాబు జట్టు దక్షిణ కొరియాను ఓడించి బంగారు పతకం తెచ్చిందనీ, ఆయనది హైదరాబాదనీ, అక్కడి పోలీసు జట్టు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిందనీ చెప్పాము. శ్రద్ధగా విన్నాడు. కాని అడిగినది అది కాదు. అకామా మీద తండ్రి పేరు, ఉద్యోగం పేరు ఉంటాయి గాని, ఈ ప్రశ్నకు జవాబు ఉండదు.

డ్రైవరు వెళ్ళిపోయే ముందు శుక్రవారం అతన్నీ, మా అబ్బాయినీ వెంటబెట్టుకుని మన్సూరియాకు వెళ్ళాము. అరబీ మ్యాచి ఉంది. రానంటాడేమో అనుకున్నాము. ఉతికిన చొక్కా వేసుకుని గంట ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పై వరస మెట్ల మీద చోటు దొరికింది. పచ్చిక మీద దీపాల వెలుగు చూసి, "ఇంత చిన్నదా!" అన్నాడు. మొదటి సగమంతా మా అబ్బాయి అతనికి ఎవరెవరో చెబుతూనే ఉన్నాడు. దూరాన చొక్కాల నంబర్లు అతనికి ఆనడం లేదు. విరామంలో అతను లేచి, మైదానానికి వీపు పెట్టి, గోడ మీదుగా బయటకు తొంగి చూశాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు వెదికాడు.

"అదిగో సారూ, ఆ కరెంటు స్తంభం కింద. నా బండి పెట్టేది ఆడనే."

అక్కడ తెల్లటి బండి ఒకటి ఆగి ఉంది. లోపల ఎవరో కూర్చుని ఉన్నారు. ఆట మళ్ళీ మొదలయిందని మా అబ్బాయి అతని చొక్కా పట్టుకు లాగాడు.