మా ఇంటి ఆవర్జా

30 మార్చి 2025, ఆదివారం. ఉగాది

పచ్చడి తిన్నాం. టీవీలో పంచాంగ శ్రవణం విన్నాం. ఈ విశ్వావసు నామ సంవత్సరంలో ఈయన రాశికి ఆదాయం ఎక్కువట, నా రాశికి వ్యయం ఎక్కువట. ఆ వ్యయం ఏమిటో నాకు ముందే తెలుసు. కుడి మోకాలు. మే 12 సోమవారం ఆపరేషన్ అని డాక్టరుగారు తేదీ ఇచ్చారు. ఆ తర్వాత నెలన్నర దాకా బజారు, బ్యాంకు, మెట్లు ఏవీ లేవు.

మోకాలి గురించి నాకు భయం లేదు. బెంగంతా ఈయన గురించే. ముప్పై ఏళ్లకు పైగా కాలేజీలో తెలుగు పాఠం చెప్పిన మనిషికి ఇంటి కరెంటు బిల్లు ఎంత వస్తుందో, ఏ డిపాజిట్ గడువు ఎప్పుడు తీరుతుందో, గ్యాస్ ఏ నంబరు నుంచి బుక్ చేయాలో తెలియదు. అది ఆయన తప్పు కాదు. బ్యాంకులో పనిచేసేదాన్ని కదా అని అంతా నేనే నెత్తిన పెట్టుకున్నాను. బ్యాంకులో ఒకరు రాసిన పద్దును ఇంకొకరు చూసి పాస్ చేయందే అది పద్దే కాదు. ముప్పై ఎనిమిదేళ్లు ఆ పద్ధతిలో ఊరందరి లెక్కలూ చూశాను. మా ఇంటి లెక్క మాత్రం ఇంకో కంటికి చూపించలేదు.

పొద్దుటి నుంచి నాన్న గుర్తొస్తున్నారు. తెనాలిలో మా కొట్టు. ఉగాదికి కొత్త పుస్తకం తెచ్చి నాలుగు మూలలా పసుపు రాసి, మొదటి పేజీ మీద ‘శ్రీ’ రాసేవారు. ఏ రోజు జరిగింది ఆ రోజు చిట్టాలోకి, చిట్టాలోంచి ఎవరి పేజీలోకి వాళ్లది ఆవర్జాలోకి. నాన్న పోయిన పన్నెండో రోజు దాటాక అమ్మ ఆ ఆవర్జా తెరిచి, ఎవరు ఎంత ఇవ్వాలో, మనం ఎవరికి ఎంత ఇవ్వాలో వేలుపెట్టి చదివింది. అమ్మ చదువు అయిదో తరగతి. అమ్మ చదవగలిగేలా రాసి పెట్టి వెళ్లారు నాన్న.

నా లెక్కలు సగం పాత డైరీల్లో, కొంత ఫోన్లో ఉన్నాయి. మిగతాదంతా నా బుర్రలో.

1 ఏప్రిల్, మంగళవారం

బ్యాంకు వాళ్ల సంవత్సరాది ఇవాళ. నేను 1986లో చేరినప్పుడు మా బ్రాంచిలో అన్నీ చేతిరాత లెడ్జర్లే. బ్యాంకుల కంప్యూటరీకరణపై రంగరాజన్ కమిటీ నివేదిక 1984లో వచ్చినా, లెడ్జర్ పోస్టింగ్ యంత్రం మా కౌంటరు దాకా రావడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఆ లోపల బ్యాలెన్సింగ్ అంటే ఒక్కో లెడ్జర్ కూడి, మొత్తం జనరల్ లెడ్జర్‌తో సరిపోయేదాకా కుర్చీ దిగకపోవడం. పావలా తేడా వచ్చినా వదిలేవారు కాదు మా అకౌంటెంటుగారు. ‘పావలా తేడా అంటే రెండు పెద్ద తప్పులు ఒకదాన్నొకటి దాచుకుంటున్నాయని’ అనేవారు.

మధ్యాహ్నం లాప్‌టాప్‌లోకి గ్నూక్యాష్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ దించాను. డబ్బు కట్టక్కర్లేదు. 1998 నుంచి వాడుకలో ఉంది. నాకు ముఖ్యమైనది ఇంకొకటి. లెక్కల ఫైలు మన కంప్యూటర్లోనే ఉంటుంది, ఎవరి సర్వర్లోనో కాదు. ఇలాంటి పనికే 1991లో వచ్చిన మైక్రోసాఫ్ట్ మనీ అమ్మకాన్ని 2009లో ఆపేశారు. అమెరికాలో లక్షలమంది వాడిన మింట్ యాప్‌ను నిరుడు మార్చిలో మూసేశారు. ఇంటి లెక్క ఇంట్లో వాళ్లున్నన్నాళ్లూ తెరుచుకోవాలి.

అందులో ఖాతాలకు అయిదు కొమ్మల చెట్టు వేశాను. ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు, మూలధనం. పిల్ల ఖాతాల పేర్లు తెలుగులో కొడితే చక్కగా తీసుకుంది. పాలు, కూరలు, మందులు, కరెంటు. అది చూపించే నమూనా జాబితా మన ఇళ్లకు సరిపడదు. పెట్టుపోతలు అని ఖర్చుల కింద ఒకటి, చేబదులు అని ఆస్తుల కింద ఒకటి నేనే చేర్చాను. పనమ్మాయికి స్కూలు ఫీజుకని ఇచ్చిన 3,000 ఖర్చు కాదు, నెలకు 500 చొప్పున తిరిగొచ్చే డబ్బు. దాన్ని ఖర్చులో రాస్తే లెక్కా తప్పు, ఆ పిల్ల మాటకూ విలువ లేనట్టు.

8 ఏప్రిల్, మంగళవారం

గ్యాస్ బండ మీద 50 రూపాయలు పెరిగింది ఇవాళ్టి నుంచి.

రెండేళ్లుగా నా ఫోన్లో ఒక యాప్ ఉంది. బ్యాంకు పంపే ఎస్సెమ్మెస్‌లు చదివి, ఈ నెల ఇంత ఖర్చు అని రంగురంగుల చక్రం గీస్తుంది. ఇవాళ దాన్ని తీసేశాను. పోయిన నెలలో నేను 2 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే అదీ ఖర్చే అంది. క్రెడిట్ కార్డు మీద మందులు కొంటే ఒకసారి, ఆ కార్డు బిల్లు కడితే మళ్లీ ఒకసారి ఖర్చుగా చూపింది. ఏటీఎంలో తీసిన 10,000 కూడా ఖర్చే దాని దృష్టిలో. సొమ్ము ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారడానికీ, చేయి దాటిపోవడానికీ తేడా తెలియని లెక్క ఈయన చేతికిస్తే, మొదటి నెలకే మనం దివాలా తీశామనుకుని బెంగపడతారు.

గ్నూక్యాష్ పాటించే జంట పద్దు పద్ధతిలో ఆ ఇబ్బంది లేదు. పెద్దల పొదుపు పథకంలో ఈయన పేరిట ఉన్న 15 లక్షల మీద 8.2 శాతం చొప్పున మూడు నెలల వడ్డీ 30,750 పడింది. సేవింగ్స్ ఖాతాలో పెరిగింది, వడ్డీ ఆదాయం అన్న ఖాతాలోంచి వచ్చింది. డిపాజిట్ వేస్తే సేవింగ్స్ తగ్గింది, డిపాజిట్ పెరిగింది. ఖర్చులవైపు కదలికే లేదు.

13 ఏప్రిల్, ఆదివారం

మొదటి పాఠం. నేను అలవాటుకొద్దీ సెట్టింగుల్లో డెబిట్, క్రెడిట్ అని శీర్షికలు పెట్టుకున్నాను. ఈయన చూసి, ‘జీతం జమ అంటే బ్యాంకువాడు క్రెడిట్ అంటాడు, ఇక్కడ అదే డెబిట్ వైపు ఉందేమిటి?’ అన్నారు. సరైన ప్రశ్న. బ్యాంకు పుస్తకంలో మన డబ్బు బ్యాంకుకు అప్పు, మన పుస్తకంలో మన ఆస్తి. అది వివరిస్తూ కూర్చుంటే పొద్దుపోతుందని మామూలు మాటలే వచ్చేలా మార్చేశాను. బ్యాంకు ఖాతాలో ‘వేసింది, తీసింది’ అన్న అర్థం వచ్చే మాటలు. ఆయనకు హాయిగా ఉంది.

వారం ఖర్చులు ఆయనే కొట్టారు. కూరల పద్దు ఒకదానికి ఎదురు ఖాతా రాయడం మరిచిపోతే, గ్నూక్యాష్ దాన్ని తీసుకెళ్లి ఇంబాలెన్స్-ఐఎన్‌ఆర్ అని తనే ఒక ఖాతా పుట్టించి అందులో పడేసింది. బ్యాంకులో మా సస్పెన్స్ ఖాతా లాంటిది. ‘అంటే ప్రతి పద్దుకీ రెండు కాళ్లుండాలి, ఇది ఒంటికాలి పద్దు’ అన్నారు. నేను ముప్పై ఎనిమిదేళ్లలో కొత్త గుమాస్తాలకు ఇంత బాగా చెప్పలేకపోయాను.

చివర్లో పర్సులో రొక్కానికీ తెర మీద నిల్వకీ తేడా వచ్చింది. 270. ఆయన మొహం వాడిపోయింది. నేను మాత్రం కాగితం అడిగాను. తేడా తొమ్మిదితో తెగితే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. తేడా సరిసంఖ్య అయితే, అందులో సగం మొత్తం ఏదైనా జమవైపు రాయాల్సింది ఖర్చువైపు పడిందేమో చూడాలి. మా సీనియర్లు మొదటి వారంలోనే నేర్పినవి ఈ రెండూ. 270 తొమ్మిదితో తెగుతుంది. రెండు నిమిషాల్లో దొరికింది. కిరాణా 1,850 బదులు 1,580 కొట్టారు. ఆయన ఆ పద్దు దిద్ది, నిల్వ సరిపోయింది చూసి, చాలాసేపు తెర వంకే చూస్తూ కూర్చున్నారు.

20 ఏప్రిల్, ఆదివారం

నెట్ బ్యాంకింగ్‌లోంచి స్టేట్‌మెంట్‌ని సీఎస్‌వీ ఫైలుగా దించడం, దాన్ని గ్నూక్యాష్‌లోకి ఎక్కించడం నేర్పాను. తేదీ ముందా నెల ముందా అన్నది ఎక్కించేటప్పుడే సరిగ్గా చెప్పాలి. లేకపోతే ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అవుతుంది. ఒకసారి ఎదురు ఖాతా చూపిస్తే, తర్వాత అలాంటి పద్దు వచ్చినప్పుడు తనే ఊహిస్తుంది. స్టేట్‌మెంట్‌లో కనబడేది యూపీఐ అని ఒక మాట, పన్నెండు అంకెలు, సగంలో తెగిన ఒక పేరు. ఆ తెగిన పేర్లలోంచే మా కూరలబండి అతని పేరు ఇన్నాళ్లకు తెలిసింది. ఈయన ఆ పేరుతో పిలిచారట ఇవాళ.

పుణె నుంచి అమ్మాయి ఫోన్లో, ‘ఇంత కష్టమెందుకమ్మా? అకౌంట్ అగ్రిగేటర్‌కి అనుమతిస్తే అన్ని బ్యాంకుల వివరాలూ ఒకేచోట చూసుకోవచ్చు’ అంది. మంచి ఏర్పాటే అది. రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం ఆ మధ్యవర్తి సమాచారం చేరవేయాలే తప్ప తను చదవకూడదు, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవచ్చు. కానీ అది డబ్బు ఎక్కడికి పోయిందో చెబుతుంది, ఎందుకు పోయిందో చెప్పదు. నాకు కావలసింది ఈయన ఆ ఎందుకు అన్నది తన చేత్తో రాయడం. అందుకని రోజువారీ పద్దులు చేతితో, ఆదివారం నాడు స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోవడం అని తీర్మానించాం. సరిపోయిన ప్రతి పద్దు ఎదుటా ‘వై’ అన్న అక్షరం పడుతుంది. బ్యాంకులో పాస్ చేసిన ఆఫీసరు పొడి సంతకం లాంటిదది.

27 ఏప్రిల్, ఆదివారం

ఒక్కో ఖాతా తెరిచి, దాని నోట్స్ గడిలో నాలుగు మాటలు రాశాం. ఏ బ్రాంచి, ఎవరి పేరు, ఇద్దరిలో ఎవరైనా నడపొచ్చా, నామినీ ఎవరు.

2016లో నా ఒక్కదాని పేరిట వేసిన డిపాజిట్ ఒకటి బయటపడింది. నామినీ లేదు. వందలమంది చేత నామినీ కోసం డీఏ 1 ఫారం నింపించిన దాన్ని నేను. రాత్రంతా ఆ డిపాజిట్ కళ్లముందు మెదిలింది. నేను లేకపోతే ఈయన ఎన్ని కాగితాలు పట్టుకుని ఎన్ని కౌంటర్లు తిరగాల్సి వచ్చేదో నాకంటే బాగా ఎవరికి తెలుసు? రేపు పొద్దున్నే ఇద్దరం వెళ్తాం.

ఒక బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి 5 లక్షల డిపాజిట్ బీమా హద్దు దాటి ఉంది. గడువు తీరగానే కొంత వేరేచోటికి మార్చాలి. పెద్దవాళ్ల డిపాజిట్ వడ్డీకి టీడీఎస్ లేని హద్దు ఈ ఏప్రిల్ నుంచి 50,000 నుంచి లక్షకు పెరిగింది. అదీ రాసి పెట్టాను.

2 మే, శుక్రవారం

ఈయన ఫోనుకు వాట్సాప్‌లో ఒక సందేశం. కేవైసీ లేక ఖాతా ఆగిపోతుందట, కింద ఒక ఏపీకే ఫైలు. ఆయన ముట్టుకోలేదు, నేరుగా నా దగ్గరికి తెచ్చారు. నా గుండె మాత్రం కాసేపు కుదుటపడలేదు. ఆపరేషన్ బల్ల మీద నేనుండగా వచ్చి ఉంటే?

అందుకే ఆదివారం దాకా ఆగకుండా మూడు రోజులకోసారి స్టేట్‌మెంట్ చూడమన్నాను. 2017 నాటి రిజర్వ్ బ్యాంకు ఉత్తర్వు ఉంది. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి మోసంతో ఆన్‌లైన్‌లో డబ్బు పోతే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెబితే మనకు నష్టం ఉండదు. ఆలస్యమైతే మన మీద కొంత పడుతుంది. ఓటీపీ మనమే చెబితే మాత్రం, మనం ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మనదే. సైబర్ నేరాలకు 1930. ఆ నంబరు ఆయన పర్సులో, నా పర్సులో, ఫ్రిజ్ తలుపు మీద.

11 మే, ఆదివారం

సంచి సర్దాను. లాప్‌టాప్ కూడా ఆయన సంచిలో పెట్టాను. గ్నూక్యాష్ ఫైలుకు దానంతట దానికి తాళం ఉండదు, తెరిచినవాళ్లందరికీ కనబడుతుంది. అందుకే లాప్‌టాప్‌కే గట్టి పాస్‌వర్డ్, బీరువాలో ఒక నకలు. పిన్నులూ పాస్‌వర్డులూ అందులో ఒక్కటి కూడా లేవు.

రాత్రి ఆయనే ఫైలు తెరిచి చూపించారు. ఇంబాలెన్స్ సున్నా.

24 మే, శనివారం

ఇంటికొచ్చి ఎనిమిది రోజులు. వాకర్‌తో గుమ్మం దాకా నడిచాను. నొప్పి. లెక్కలు అడగలేదు, ఆయన చెప్పలేదు. పక్కగదిలోంచి కీబోర్డు చప్పుడు మాత్రం రాత్రి తొమ్మిదింటికి వినిపిస్తోంది.

8 జూన్, ఆదివారం

ఇవాళ కుర్చీలో గంటసేపు కూర్చోగలిగాను. లాప్‌టాప్ అడిగి తీసుకున్నాను.

ఆస్పత్రికి ముందుగా కట్టిన 50,000 ఆయన ఖర్చులో రాయలేదు. ఆస్తుల కింద ‘ఆస్పత్రి బయానా’ అని కొత్త ఖాతా తెరిచారు. ఇన్సూరెన్సు తేలాక వెనక్కి వచ్చిన 31,800 బ్యాంకులోకి, మిగిలిన 18,200 వైద్యం ఖర్చులోకి. బయానా ఖాతా సున్నా. ఇది నేను నేర్పలేదు.

తర్వాత మే 12 నాటి పద్దులు చూశాను. అన్నీ రొక్కమే.

కాఫీ 20. ‘7.40. లోపలికి తీసుకెళ్లారు.’
కాఫీ 20. ‘8.25.’
కాఫీ 20. ‘9.10. ఇంకా పిలవలేదు.’
కాఫీ 20. ‘9.45. తాగలేదు.’
కాఫీ 20. ‘10.15. నర్సమ్మ ఏమీ చెప్పడం లేదు.’
కాఫీ 40. ‘11.05. బాగా జరిగిందన్నారు డాక్టరుగారు. నాకొకటి, పక్కన కూర్చున్న అబ్బాయికొకటి. వాళ్లమ్మ ఇంకా లోపలే ఉంది.’

ఆ పూట ఎలా గడిచిందని నేను అడిగినప్పుడు ‘పేపరు చదువుకుంటూ కూర్చున్నాను’ అన్నారు ఈయన.

ఆరు పద్దులూ టిఫిన్లు-కాఫీల ఖాతాలో కాకుండా వైద్యం ఖాతాలో ఉన్నాయి. మార్చబోయి ఆగాను. వంటింట్లో చారు పోపు చప్పుడు. ఆయన పర్సు తెప్పించి రొక్కం లెక్కపెట్టాను. 1,340. తెర మీదా 1,340. ఒక్కొక్క పద్దు ఎదుటా వై కొట్టుకుంటూ వచ్చాను.