అత్తయ్య మంచం

మామయ్యగారు పోయాక అత్తయ్య ఊళ్ళో ఎనిమిది నెలలు ఒక్కరే ఉన్నారు. సంక్రాంతి వెళ్ళనీ అన్నారు, ఆవకాయలు అవ్వనీ అన్నారు. చివరికి పెరటి మెట్ల మీద మోకాలు పట్టేసి కూలబడ్డాక, "సరే వస్తాను. కానీ చుట్టానికి వేసినట్టు నాకు పక్క వెయ్యకండి" అన్నారు నాతో ఫోన్లో.

మావారికి చెబితే "అంటే ఏంటిట?" అన్నారు. నాకు మాత్రం అర్థమైంది. ఇన్నేళ్ళుగా ఆవిడ ఎప్పుడొచ్చినా హాల్లో దివాన్ మీదే పడుకునేవారు. తెల్లారి మేమింకా లేవకముందే దుప్పటి మడిచి, దిండు దాని మీద పెట్టి, రాత్రి అక్కడ ఎవరూ పడుకోనట్టు చేసేసేవారు. ఇక ముందు రోజూ అలా పక్క ఎత్తుకోవడం తన వల్ల కాదని చెబుతున్నారన్నమాట.

మా పాప హాస్టలుకి వెళ్ళాక ఖాళీ అయిన గది ఉంది. 10 అడుగులకి 11. ఖాళీ అంటే మా ఇంట్లో ఖాళీ. ఇస్త్రీ బల్ల, చక్రం ఊడిన సూట్‌కేసు, పాప ఎంసెట్ పుస్తకాలు అన్నీ అందులోనే. పాప మంచం నేలకి జానెడు ఎత్తుంటుంది. ఆ వయసువాళ్ళకి అదో ఫ్యాషన్. డెబ్భై నాలుగేళ్ళావిడ దాని మీద కూర్చుంటే మళ్ళీ లేవడానికి ఇద్దరం కావాలి.

మావారి మొదటి ఆలోచన షాపుకి వెళ్ళి మంచం, పరుపు ఒకేసారి కొనేసి సాయంత్రానికి బిగించేయడం. నేను వద్దన్నాను. దానికో కారణం ఉంది. మామయ్యగారి కర్మలప్పుడు శయ్యాదానం ఇచ్చాం. ఊరి పక్క టౌన్లో కొత్త మంచం, పరుపు, దిండు, దుప్పటి అన్నీ అరగంటలో కొనేసి ఆటోలో తెచ్చారు. ప్లాస్టిక్ కవరు కూడా తీయని ఆ పరుపు వంక అత్తయ్య గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉండిపోయారు. మళ్ళీ అలాంటి పరుపే, అదే ప్లాస్టిక్ కవరుతో, ఈసారి ఆవిడ కోసం ఇంట్లోకి రావడం నాకు ఇష్టం లేకపోయింది. ఈ మాట మావారితో చెప్పాక ఆయన ఇంక షాపు ఊసెత్తలేదు. ఇంకో ఊసెత్తారు. నవారు మంచం.

ఊళ్ళో సావిట్లో ఉండే టేకు మంచం అది. తరిమెన పట్టిన కోళ్ళు, నాలుగు వేళ్ళ మందం పట్టెలు, పైన నవారు అల్లిక. మావారి చిన్నతనమంతా దాని మీదే గడిచింది. వేసవి రాత్రుళ్ళు దాన్ని వాకిట్లో వేసుకుని పడుకుంటే వీపు కిందనుంచి కూడా గాలి తగిలేదని, అలాంటి నిద్ర ఇప్పుడు ఏ పరుపు మీదా రాదని వర్ణించడం మొదలుపెడితే ఆపడం కష్టం. ఆ మంచాన్నే తెప్పించి, కొత్త నవారు అల్లిస్తే అమ్మకి ఊళ్ళో ఉన్నట్టే ఉంటుందని ఆయన పథకం. స్పీకరు పెట్టి అత్తయ్యకే చెప్పారు.

"ఒరే నాన్నా, ఆ మంచం మీద పడుకున్నది నువ్వు. బిగించింది నేను" అన్నారావిడ.

తర్వాత ఒక్కొక్కటే వచ్చింది. నెల తిరక్కుండా నవారు సాగిపోయేది. కాలు పట్టెకి తన్నిపెట్టి ఒక్కో వరసా లాగి బిగిస్తే అరచేతులు బొబ్బలెక్కేవి. ఏడాదికోసారి మొత్తం విప్పి, కుంకుడు పులుసులో ఉతికి, దండెం మీద ఆరేసి మళ్ళీ అల్లాలి. నల్లులు పడితే కోళ్ళ సందుల్లో మరిగే నీళ్ళు పొయ్యాలి. "మీరంతా ఊగారు కదా, చాలు. నా మోకాళ్ళకి ఆ ఊయల వద్దు."

మావారు చిన్నబుచ్చుకున్నారు. నాకు లోలోపల నవ్వొచ్చింది, కొంచెం సంతోషం కూడా కలిగింది. పాతకాలపు వస్తువుల గురించి మనం మురిసిపోతూ రాసుకునేవాటిలో చాలావరకు పడుకున్నవాళ్ళ జ్ఞాపకాలే. బిగించినవాళ్ళు చెప్పుకున్నది తక్కువ.

అయితే ఆవిడ వద్దన్నది నవారుని. మంచాన్ని కాదు. "కర్ర మంచిది, మా నాన్న చేయించి ఇచ్చింది" అని ఆవిడే అన్నారు. దాంతో దారి దొరికింది. కోళ్ళూ పట్టెలూ విడదీసి, గోనెపట్టాలు చుట్టి పార్సిల్ లారీలో వేయించారు. "మంచం కోళ్ళు వచ్చాయా?" అని నేను ఫోన్లో అడుగుతుంటే పక్కింటి పిల్లాడు "ఆంటీ, మీరు కోళ్ళు పెంచుతారా?" అని ఆశగా అడిగాడు. మంచం కాలు కోడు, దానికి బహువచనం కోళ్ళు. కూసేది కోడి, దానికీ బహువచనం కోళ్ళే అని వాడికి విడమరిచి చెప్పాను. బీయే తెలుగు చదివినందుకు ఆ మాత్రం వాడకపోతే ఎలా?

వడ్రంగి మేస్త్రీ ఆ ముక్కల్ని చూసి ముచ్చటపడ్డాడు. ఎక్కడా ఒక్క మేకు లేదు. పట్టె చివర నాలుకలా చెక్కి, కోడులో తొలిచిన రంధ్రంలోకి దిగగొట్టారు. ఆయన పని మొదలుపెట్టే ముందు నాకు ఒక కొలత కావాల్సి వచ్చింది. సర్దడానికి ఊరెళ్ళినప్పుడు అత్తయ్యని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, పాదాలు నేలకి ఆనించి, మోకాలి వెనక మడత దాకా టేపు పెట్టాను. 17 అంగుళాలు. "పెళ్ళిచూపుల్లో కూడా ఇలా కొలవలేదే అమ్మాయ్" అన్నారావిడ.

ఇంట్లో పెద్దవాళ్ళకి మంచం చేయించేవాళ్ళెవరైనా ముందు చూసుకోవాల్సింది ఇదే. కూర్చున్నప్పుడు పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి, తొడలు నేలకి సమంగా ఉండాలి. మరీ తక్కువైతే లేవలేరు, ఎక్కువైతే కాళ్ళు వేలాడి జారతారు. పరుపుతో కలిపి లెక్క వేసుకోవాలి. షాపుల్లో మంచం ఎత్తు ఒకరు చెబుతారు, పరుపు మందం ఇంకొకరు చెబుతారు, రెండూ కూడేవాళ్ళు ఉండరు. మా మంచం పట్టె పైఅంచు సరిగ్గా 17 అంగుళాల దగ్గర ఉంది. దాని మీద పలకలు పరిచి పరుపు వేస్తే కాళ్ళు గాల్లోకి లేస్తాయి. అందుకని పట్టెల లోపలివైపు 3 అంగుళాలు కిందకి రీపర్లు కొట్టించి, వాటి మీద పలకలు పరిపించాం. వాటి మీద 4 అంగుళాల పరుపు. కూర్చుంటే కొంచెం అణుగుతుంది కాబట్టి లెక్క సరిపోయింది. కూర్చునేవైపు పట్టె అంచు తొడకి ఒత్తుకోకుండా గుండ్రంగా చిత్రిక పట్టమన్నాం. మేస్త్రీ ప్లైవుడ్ షీటు వేసేద్దామన్నాడు కానీ నేను ఒప్పుకోలేదు. దూది పరుపుకి కిందనుంచి గాలి ఆడకపోతే చెమ్మ పట్టి వాసనొస్తుంది. పలకకీ పలకకీ మధ్య వేలెడు సందు వదిలించాను.

పరుపు సంగతికొస్తే, అత్తయ్య పెరట్లో బూరుగుచెట్టుంది. చిన్నయసూరి మిత్రలాభం చదువుకున్నవాళ్ళకి గోదావరి ఒడ్డున పక్షులుండే బూరుగుచెట్టు గుర్తుండే ఉంటుంది. మా అత్తయ్య వాళ్ళదీ గోదావరి జిల్లాయే, నేను ఆ చెట్టుని చూసినప్పుడల్లా మా లెక్చరర్ గొంతు వినిపిస్తుంది. వేసవిలో కాయలు పగలగొట్టి, గింజలు తీసి ఆవిడ దాచిన దూది రెండు బస్తాలుంది. పరుపంతా దాంతోనే అనుకున్నారు మావారు. కానీ బూరుగు దూది పోగు లోపల బోలుగా, గాలితో నిండి ఉంటుంది. పైన మైనం పూసినట్టు నున్నగా ఉండి నీళ్ళు పట్టదు, అందుకే ఒకప్పుడు నీళ్ళలో తేలే జాకెట్లలో నింపేవారు. ఆ నునుపు వల్లే అది వడకడానికి లొంగదు. తల పెట్టుకోవడానికి హాయి కానీ, ఒళ్ళంతా మోపితే అణిగిపోతుంది. నడుము నొప్పులవాళ్ళకి గట్టి పత్తి పరుపే మేలు. కాబట్టి బూరుగు దూది దిండ్లకి, పత్తి పరుపుకి.

మా వీధి చివర దూది ఏకే షాపుంది. ఇదివరకు భుజాన పెద్ద విల్లు వేసుకుని వీధుల్లో తిరిగేవారు. కొయ్యగుండుతో నారి మీద కొడితే ఒక మోత వచ్చేది, దూది పొగలా లేచేది. ఇప్పుడు మిషను. 12 కిలోల పత్తి నా ఎదురుగానే ఏకించి, చారల గుడ్డలో నింపించి, అడుగడుక్కీ దారంతో గుబ్బలు వేయించాను. అవి లేకపోతే దూది ఒకవైపుకి పోగుపడి ఆరునెలల్లో పరుపు గుట్టలు గుట్టలుగా తయారవుతుంది. ఇంత చేసినా నెలకోసారి ఎండ తగలాలి, మూడు నాలుగేళ్ళకోసారి విప్పి మళ్ళీ ఏకించాలి. ఆ పరుపు ఎత్తడం ఎలా అని నేను అనుకుంటుంటే, అత్తయ్యే ఫోన్లో ఉపాయం చెప్పారు. పాత నవారు ముక్కలతో పరుపు నాలుగు పక్కలా పిడులు కుట్టించమన్నారు. అలా నవారు కూడా మంచం చేరింది. మావారు ఆ పిడుల్ని చూసి శాంతించారు.

బొంత గురించి చెప్పాలి.

సర్దడానికి ఊళ్ళో ఉన్న నాలుగు రోజుల్లో ఒక మధ్యాహ్నం అత్తయ్య నన్ను పిలిచి, "బొంతకి పొరలు పరవాలి, ఆ కొస పట్టుకో" అన్నారు. బొంత కుట్టడం ఒక్కరి పనే కానీ, పరవడానికి ఇద్దరు కావాలి. కొసలు లాగి పట్టకపోతే లోపల ముడతలు పడతాయి. అడుగున పసుపు నేత చీర పరిచాం. 6 గజాల చీరని సగానికి మడిస్తే 9 అడుగులొస్తుంది. మిగిలిన 3 అడుగులూ కత్తిరించి దిండు గలేబులకి తీసి పెట్టారు. తర్వాత ఆవిడ పెట్టె తెరిచి రెండు తెల్ల పంచెలు తీశారు. ఎర్రంచువి.

పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచకూడదని పెద్దకర్మ అయిన వెంటనే మా ఆడపడుచు మామయ్యగారివన్నీ మూటకట్టి ఇచ్చేసింది. అన్నీ అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

అత్తయ్య నా మొహంలోకి చూడలేదు. "లోపలి పొరలు బాగా నలిగి మెత్తబడినవి ఉండాలి. కొత్తగుడ్డ గుచ్చుకుంటుంది" అన్నారు. 4 గజాల పంచె సగానికి మడిస్తే సరిగ్గా 6 అడుగులు, మంచం పొడవు. ఒకటి పరిచి, చేత్తో నిమిరి, దాని మీద రెండోది పరిచారు. నేను నా కొసలు గట్టిగా పట్టుకున్నాను. పైన వంగపండురంగు చీర వేసేశాక తెల్లదనం ఎక్కడా కనబడలేదు. చుట్టూ పెద్ద కుట్లతో టాకాలు వేసి, అంచు నుంచి లోపలికి వరస తర్వాత వరస, గింజ గింజ దూరంలో కుట్టుకుంటూ పోయారు. పూర్తవడానికి నెల పైన పట్టింది. మధ్యలో కళ్ళు మసకలేస్తున్నాయంటే సూదిలోకి దారం ఎక్కించి పెట్టడానికి ఎదురింటి అమ్మాయి వచ్చేదట.

లోపల ఏముందో మావారికి నేను చెప్పలేదు. ఆయనకి చెప్పాలో వద్దో ఆవిడ ఇష్టం. నేను రాసేవి ఆయన చదవరు లెండి.

మిగతావి త్వరగానే తేలిపోయాయి. మా ఆడపడుచు పెడన కలంకారీ దుప్పటి పంపింది, ముదురు ఎరుపు మీద నల్ల లతలు, చూడ్డానికి కన్నుల పండుగ. అత్తయ్య దాన్ని తిప్పి చూసి "దీని మీద చీమ పాకినా కనబడదు" అని తెల్లదుప్పటి అడిగారు. కలంకారీ కిటికీకి తెర అయింది. వరంగల్ కొత్తవాడ జంపఖానా ఒకటి మంచం పక్కన నేల మీద పరుద్దామనుకున్నాం. నున్నటి టైల్స్ మీద అది జారుతుంది, మోకాలి నొప్పులవాళ్ళుండే గదిలో జారే గుడ్డ కన్నా ఒట్టి నేల నయం. మడిచి కావడిపెట్టె మీద వేశాను, కూర్చుని పారాణి పెట్టుకోవడానికో, పేపరు చదవడానికో. ఊరి నుంచి వచ్చిన ఆ పెట్టెలో ఆవిడ బట్టలన్నీ పట్టాయి, తలుపుల బీరువా అక్కర్లేదన్నారు. ఉత్తరానికి తల పెట్టకూడదు కదా, తూర్పుకి తల వచ్చేలా మంచం వేస్తే బాత్రూమ్ తలుపు కుడిచేతి వైపు నాలుగడుగుల్లో వచ్చింది. స్విచ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చెయ్యి చాస్తే అందేలా కిందకి దింపించాం. ఈ మొత్తంలో నిజంగా అత్యవసరమైన ఖర్చు అదేనేమో.

ఆవిడ వచ్చి నెలన్నర అయింది. మొదటి వారం పొద్దున్నే నేను కాఫీతో వెళ్ళేసరికి బొంత మడిచి, దిండు దాని మీద పెట్టి ఉండేది, దివాన్ మీద పెట్టినట్టే. నేనేమీ అనలేదు. మొన్న ఒకరోజు ఏడున్నరకి వెళ్తే బొంత సగం మంచం మీద, సగం కిందకి జారి, దిండు అడ్డంగా, కళ్ళజోడు దిండు పక్కన. ఆవిడ బాల్కనీలో మావారితో బూరుగుచెట్టు కౌలు రైతు కొట్టేస్తాడేమోనని గొడవపడుతున్నారు. పక్క సర్దబోయి, మళ్ళీ వదిలేసి వచ్చేశాను.

నిన్న నేను బీరువా సర్దుకుంటుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చీరలన్నీ ఓసారి పైనుంచి కిందకి చూసి, "ఆ నీలం మంగళగిరి చీర ఇంకా కడతావా అమ్మాయ్? హాస్టల్లో పిల్లకి చలికాలం బొంత లేదు కదా" అన్నారు.

కడుతున్నానండీ, నాకు చాలా ఇష్టమైన చీర. అయినా తీసిచ్చాను. పైకి నీలం సరిపోతుందట, లోపలి పొరలకి మెత్తగా నలిగినవి ఇంకో రెండు వెతకమన్నారు.